కంప్యూటర్ లేచేలోపు

ఆ కళ్ళజోళ్ళ షాపులో పొద్దున్నే కంప్యూటర్ లేవడమంటే మాటలు కాదు. బటన్ నొక్కగానే లోపల ఫ్యాను గుర్రు పెడుతుంది. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి, ఆగుతాయి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ తిరుగుతాయి. ఆ తర్వాత పిలిచినా పిలవకపోయినా ఒక్కో ప్రోగ్రామూ లేచి వస్తుంది. ప్రింటరు తాలూకుది ఒకటి, పాటలు వినిపించేది ఒకటి, వాతావరణం చెప్పేది ఒకటి, ఎందుకున్నాయో ఎవరికీ తెలియనివి ఇంకో నాలుగైదు. అవన్నీ సర్దుకుని కూర్చునేదాకా మౌసు కదలదు. వచ్చినవాళ్ళ పవర్లూ ఆర్డర్లూ అన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి, అది లేచేదాకా షాపులో ఎవరికీ పని ఉండదు.

ఆ పని లేకపోవడమే అద్దాలావిడకి పెన్నిధి. ఎందుకంటే, ఆవిడ మొగుడు అద్దాలాయన నోరు విప్పేది అప్పుడే.

ఆయనకి రోజుకి ఇన్నేనని మాటలు కొలిచి ఇచ్చి పంపించారేమో అనిపిస్తుంది. షాపుకి మనుషులు రావడం మొదలయ్యాక, "ఈ వరస చదవండి, ఇప్పుడు బావుందా, ముందుది బావుందా" అంటూ ఆ మాటలన్నీ వాళ్ళకే ఖర్చుపెట్టేస్తాడు. ఇల్లు చేరేసరికి ఆయన దగ్గర మిగిలేది ఒక్క "ఊఁ". కూర ఎలా ఉందంటే ఊఁ. పక్కింటివాళ్ళు ఖాళీ చేస్తున్నారంటే ఊఁ. ఇల్లు కూలిపోతోందని చెప్పినా ఊఁ అనే అంటాడని ఆవిడకి గట్టి నమ్మకం.

కానీ పొద్దున్నే, కంప్యూటర్ లేచేలోపు, కస్టమర్లు కూర్చునే స్టూలు ఆవిడ టేబుల్ దగ్గరికి లాక్కుని, టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని కూర్చునేవాడు. కొత్త కళ్ళజోడు పెట్టుకోగానే ఎదురుగా ఉన్న భార్య ముఖం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్న ముసలాయన గురించి చెప్పేవాడు. తను పని నేర్చుకునే రోజుల్లో మొదటి లెన్సు గీసుకుపోతే తండ్రి వారం రోజులు మాట్లాడకపోవడం చెప్పేవాడు. ఆవిడ మధ్యలో అడ్డు తగిలేది కాదు. మౌసు కదిలిందంటే ఆయన లేచి "సరే, పని చూద్దాం" అంటూ వెనకగదిలోకి, లెన్సులు కోసే మెషిన్ దగ్గరికి వెళ్ళిపోయేవాడు. ఆ కాసేపటితో ఆవిడకి రోజంతా గడిచిపోయేది.

అలాంటి షాపులోకి ఆడపడుచు వచ్చింది.

ఆ అమ్మాయిని ఇంట్లో అందరూ చిట్టి అనేవారు. పనిచేస్తున్న కంపెనీ మూతపడింది, ఇంకో ఉద్యోగం దొరికేదాకా ఊరికే కూర్చోవడం ఎందుకని అన్న షాపులో సాయం చేస్తానంది. అద్దాలావిడే ముందుగా "రావే, నాకూ తోడుంటావు" అంది. నిజం చెప్పాలంటే అప్పటిదాకా ఆవిడకి చిట్టంటే ప్రాణం. తను కొత్తగా కాపురానికొచ్చినప్పుడు జడ వెయ్యమని వెనక వెనక తిరిగిన పిల్ల.

చిట్టి వచ్చిన మొదటిరోజు వాళ్ళిద్దరూ అలా ఎదురెదురుగా కూర్చునే ఉన్నారు. చుక్కలు తిరుగుతున్నాయి.

"వదినా, ఇది రోజూ ఇంతేనా?"

"పాతది కదే. కాస్త టైం పడుతుంది."

"కాస్తా? ఈలోపు నేను ఇంటికెళ్ళి స్నానం చేసి రావచ్చు."

అద్దాలాయన గట్టిగా నవ్వాడు. ఆయన అలా గట్టిగా నవ్వడం ఆవిడ విని చాలా కాలమైంది. ఆవిడా నవ్వింది, కాకపోతే ఒకటి రెండు క్షణాలు ఆలస్యంగా.

"మీరొకసారి లేవండి వదినా."

అన్నని నువ్వనే చిట్టి వదినని మాత్రం మొదటినుంచీ మీరనే అంటుంది. అద్దాలావిడ లేచింది. ఆ కుర్చీలో ఇంతవరకూ ఇంకెవరూ కూర్చోలేదు. దాని మీద మెత్త కూడా తను స్వయంగా కుట్టుకున్నదే. కంప్యూటర్ పూర్తిగా లేచాక చిట్టి అందులో కూర్చుని మూడు మీటలు ఒకేసారి నొక్కింది. ఏదో పెట్టె తెరుచుకుంది. దాంట్లో "స్టార్టప్" అని ఉన్నచోట నొక్కగానే పొడుగాటి జాబితా వచ్చింది.

"చూడన్నయ్యా, ఆన్ చెయ్యగానే ఇవన్నీ లేస్తున్నాయి. మనం వాడినా వాడకపోయినా లేస్తాయి. ఈ పాటలది ఎవరైనా వింటారా?"

"లేదు."

"వాతావరణంది?"

"బయటికి చూస్తే తెలుస్తుందిగా."

"ఈ స్కానర్‌ది? అసలు స్కానర్ ఏది?"

"అది పాడైపోయి పాత సామాన్లలో ఇచ్చేశాం. చాలా కాలమైంది."

"వస్తువు పోయినా ప్రోగ్రామ్ పొద్దున్నే లేచి దాన్ని వెతుక్కుంటోంది పాపం." చిట్టి ఒక్కోదాని మీదా నొక్కి "డిజేబుల్" అంటూ పోతోంది.

అద్దాలావిడకి ఉండబట్టలేదు. "అన్నీ తీసేస్తే రేపు ఏదన్నా అవసరమైతే?"

"తీసెయ్యట్లేదు వదినా. పొద్దున్నే వాటంతటవి లేవకుండా ఆపుతున్నా, అంతే. కావాలంటే పిలుద్దాం, వస్తాయి. ఈ రెండూ మాత్రం ముట్టుకోను. ఇది వైరస్‌లు రాకుండా కాపలా. ఇదేమో ఇక్కణ్ణించి లెన్స్ మెషిన్‌కి కొలతలు పంపేది. దీన్ని ఆపితే అన్నయ్య చేతులు కట్టుకుని కూర్చోవాలి."

తర్వాత కంప్యూటర్ ఆర్పి మళ్ళీ వేసింది. అద్దాలాయన టీ గ్లాసు నోటిదాకా ఎత్తి దించేలోపు అంతా వచ్చేసింది. ఆయన కళ్ళు ఇంతలేసి చేసుకుని చూశాడు.

ఆ రోజు షాపుకొచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ వార్త అందింది. పరీక్షకని ఇనప ఫ్రేము ముక్కు మీద మోస్తున్న పెద్దమనిషికి కూడా, "ఇప్పుడు బావుందా... మా చెల్లెలు మా కంప్యూటర్‌ని చిటికెలో బాగుచేసిందండీ... ముందుది బావుందా" అంటూ మధ్యలో ఇరికించి మరీ చెప్పాడు. ఇంటికెళ్ళాక అన్నం తింటూ కూడా, అడక్కుండానే, "చిట్టి బుర్రే బుర్ర" అన్నాడు. అన్నం ముందు ఊఁ తప్ప ఎరగని మనిషి. అద్దాలావిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

అసూయే అది. దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

మర్నాడు ఆయన స్టూలు లాక్కోబోయి తెరవైపు చూశాడు. "వచ్చేసిందే," అన్నాడు. స్టూలు ఉన్నచోట పెట్టేసి, టీ గ్లాసుతో వెనకగదిలోకి వెళ్ళిపోయాడు. తనకేం పట్టనట్టు కనపడాలని ఆవిడ అప్పటికే టకటకా టైపు కొట్టడం మొదలుపెట్టింది. ఏం కొట్టిందో ఆవిడకే తెలియదు. ఎవరిదో ఆర్డరులో కుడికన్ను పవరు ఎడమకన్నుకి పడింది, మళ్ళీ సరిచేసుకోవాల్సి వచ్చింది.

ఆ మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. పైగా చిట్టి రాగానే వెనకగదిలోకే వెళ్ళేది. మెషిన్ రొదలో వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో బయటికి వినపడదు, నవ్వులు మాత్రం వినపడతాయి. అద్దాలావిడ చెవులు రిక్కించుకుని కూర్చునేది. మెషిన్ ఆగిన క్షణంలో ఏదో ఒక ముక్క చెవిన పడేది, "అప్పుడు నాన్న ఏమన్నాడో గుర్తుందా" అని. తను కూడా విన్న కథే. తనకి చెప్పిన కథ. అదే కథని ఇప్పుడు ఇంకొకరికి చెప్తున్నాడు, ఆ ఇంకొకరు అందులో ఉన్న మనిషి కూడా. దాంతో ఆవిడకి ఒళ్ళు మండిపోయేది.

ఇక చిట్టి ఏం చేసినా తప్పే అయింది. ఫ్రేములు రంగుల వారీగా సర్దితే, "ఇదివరకే బావుండేది, చేతికి దొరికేవి" అనేది. టీ తెస్తే చక్కెర ఎక్కువైందనేది. చిట్టి "అవునా వదినా" అని ఇంకోటి తెచ్చేది. అలా నోరెత్తకుండా తేవడం చూస్తే ఇంకా మండేది. తిరిగి ఒక్క మాట అని ఉంటే, పోట్లాడి కడుపులోది కక్కేసుకునేది.

ఒకరోజు మధ్యాహ్నం చిట్టి దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "వదినా, అన్నయ్యకి చార్టులో కింది వరస కనపడట్లేదట. తెలుసా మీకు? పెద్ద డాక్టరుకి ఒకసారి చూపిద్దాం."

అద్దాలావిడకి తల కొట్టేసినట్టయింది. ఆ మాట ఆయన తనకి చెప్పాడు. ఒకనాటి పొద్దున, చుక్కలు తిరుగుతుండగా, తల దించుకుని చెప్పాడు. అందరికీ అద్దాలిచ్చే నాకే చూపు తగ్గుతోందంటే నవ్వుతారు, ఎవరికీ చెప్పకు, అన్నాడు. ఎవరికీ చెప్పనంది. ఆ రోజు ఆయన మీద జాలి ఎంత కలిగిందో, లోకంలో ఈ సంగతి తనొక్కదానికే తెలుసన్న గర్వమూ అంతే కలిగింది. నిధిలా దాచుకుంది. ఇప్పుడు ఆ నిధి చిట్టి చేతిలోనూ ఉంది.

"నాకెందుకు తెలీదు," అంది ముఖం గంటు పెట్టుకుని. "నువ్వు పుట్టకముందు నుంచీ తెలుసు."

ఇది కోపంలో అన్న మాట. అర్థం పర్థం లేదని ఆవిడకీ తెలుసు.

ఆ సాయంత్రం అన్నాచెల్లెళ్ళిద్దరూ లోపల ఉన్నప్పుడు ఆవిడ మూడు మీటలు ఒకేసారి నొక్కింది. చిట్టి చేస్తుంటే చూసిందే కదా. స్టార్టప్ జాబితా తెరిచి, పై నుంచి కిందికి, ఒక్కటీ వదలకుండా "ఎనేబుల్" చేసుకుంటూ పోయింది. పాటలది లే. వాతావరణంది లే. అన్నీ లేవండి. ఆ పనిలో ఆవిడకి కలిగిన తృప్తి అంతా ఇంతా కాదు.

పొద్దున్నే చుక్కలు మళ్ళీ తిరిగాయి. అద్దాలాయన తెరవైపు చూశాడు, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆవిడ టీ అందించింది.

"ఏమైంది దీనికి?" అన్నాడు.

"ఏమో, నాకేం తెలుసు."

"చిట్టి చేసింది కదా." ఫోన్ తీశాడు. "చిట్టీ, కంప్యూటర్ మళ్ళీ మొరాయిస్తోంది. త్వరగా రా."

ఆ కాసేపూ ఆయన ఫోన్‌లోనే ఉన్నాడు. ఏ చుక్క ఎటు తిరుగుతోందో, ఏది లేస్తోందో చెల్లెలికి వర్ణించి చెప్పాడు. చిట్టి తల కూడా దువ్వుకోకుండా పరిగెత్తుకొచ్చింది. అన్నీ మళ్ళీ ఆపింది. "ఏదో అప్‌డేట్ వచ్చి ఆన్ చేసుకుని ఉంటాయి," అంది. "నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్ళమే," అన్నాడు అన్న. అద్దాలావిడ పళ్ళు కొరుక్కుంది. కావాలని చేసిన పని, తిరిగి తిరిగి చిట్టిని ఇంకో మెట్టు పైకెక్కించింది.

అయినా మానలేదు. సాయంత్రం మళ్ళీ అన్నీ లేపింది, పొద్దున చిట్టి మళ్ళీ ఆపింది. మళ్ళీ లేపింది. ఆయన మళ్ళీ ఫోన్ తీశాడు. అసూయ పట్టిన మనిషి బుర్ర ఎంత బాగా పనిచేస్తుందో అంత తెలివితక్కువగానూ పనిచేస్తుంది. అన్నిటితో పాటు దేన్ని లేపుతోందో ఆవిడ చూసుకోలేదు.

ఆ పొద్దున తెర మధ్యలో ఒక పెట్టె తేలింది. స్కానర్ కనపడడం లేదు, వైరు సరిచూడండి, అని ఉంది దాంట్లో. ఇదివరకు కూడా తేలుతూ ఉండేదేమో, కబుర్లలో పడి ఎవరూ పట్టించుకోలేదు. చిట్టి మాత్రం దాన్ని చూస్తూ నిలబడిపోయింది.

"అప్‌డేట్ అయితే దానికి సంబంధించిందే లేస్తుంది. ఎప్పుడో పోయిన స్కానర్‌ది ఎందుకు లేస్తుంది," అంది మెల్లగా. "ఎవరో చేత్తో ఆన్ చెయ్యాలి."

అద్దాలావిడ అప్పటికే మెరుస్తున్న ఫ్రేమొకటి తీసుకుని గుడ్డతో ఇంకా తుడుస్తోంది, తేలు కుట్టిన దొంగలా. చిట్టి ఆవిడవైపు చూసింది. తర్వాత ఎదురుగా ఉన్న స్టూలు వైపు చూసింది.

"అంటే ఏంటి?" అన్నాడు అద్దాలాయన.

చిట్టి మౌసు పక్కకి నెట్టేసింది. "అంటే ఇది ముసలిదైపోయింది అన్నయ్యా. నా వల్ల కాదు. నాకు అనుకున్నంత రాదు."

"ఓస్, అంతేనా. నేనింకా నీకంతా వచ్చనుకున్నా," అంటూ ఆయన లోపలికి వెళ్ళాడు. పది రోజులుగా చెల్లెలి మీద ఉన్న ఆ గొప్ప అంతా ఆ ఒక్క మాటతో దిగిపోయింది. చిట్టి ముఖం చిన్నబోయింది. సరిగ్గా ఆ మాట కోసమే అద్దాలావిడ ఇన్ని రోజులూ కాచుకుని కూర్చుంది. తీరా వచ్చాక తలెత్తి చిట్టి ముఖం చూడలేకపోయింది.

చిట్టి దగ్గరగా వచ్చింది. "నేనొచ్చిన మొదటిరోజు అన్నయ్య మీ ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్తున్నాడు వదినా. మళ్ళీ అలా కబుర్లు చెప్పడం నేను చూడలేదు. నాకు ఇప్పుడు తట్టింది. దీన్ని ఇలాగే నిదానంగా లేవనివ్వండి. నేను రోజూ కాస్త ఆలస్యంగా వస్తాలే."

"నువ్వేం మాట్లాడుతున్నావో నాకు తెలీడం లేదు," అంది అద్దాలావిడ.

"పోనీలే వదినా," అంది చిట్టి.

మర్నాడు పొద్దున చుక్కలు తీరిగ్గా తిరిగాయి. చిట్టి రాలేదు. అద్దాలాయన ఫోన్ తియ్యలేదు. స్టూలు లాక్కున్నాడు, టీ గ్లాసు రెండు చేతులా పట్టుకున్నాడు, ఒకే రోజు రెండుసార్లొచ్చి రెండుసార్లూ వేరేవాళ్ళ జోడు పెట్టుకెళ్ళిపోయిన మతిమరుపు మాస్టారి కథ మొదలుపెట్టాడు. అంతా పాతరోజుల్లాగే ఉంది. ఆవిడ కోరుకున్నది కోరుకున్నట్టు ఒళ్ళో వచ్చి పడింది.

కానీ ఒక్క ముక్కా చెవికెక్కలేదు. తన మొగుడితో తను మాట్లాడుకోవడానికి ఆడపడుచు దయతలిచిందన్నదొక్కటే బుర్రలో తిరుగుతోంది. తను ఎంత చిన్నదైపోయిందో, ఆ పిల్ల ఎంత పెద్దదైపోయిందో. ఇన్నాళ్ళూ చిట్టి తెలివి చూసి ఏడ్చింది. ఇప్పుడు చిట్టి మంచితనం చూసి ఏడవాల్సి వచ్చింది. ఇది దానికంటే ఎక్కువగా కాలుస్తోంది.

"వింటున్నావా?" అన్నాడాయన.

"ఊఁ," అంది ఆవిడ.

ఆయన కథ సగంలో ఆపి, టీ తాగేసి లేచాడు.

ఆ మధ్యాహ్నం ఆవిడ స్టార్టప్ జాబితా మళ్ళీ తెరిచింది. ఈసారి పై నుంచి కిందికి డిజేబుల్ చేస్తూ వచ్చింది. వాతావరణంది. పాటలది. వీడియోది. స్కానర్‌ది. కాపలాదీ మెషిన్‌దీ చూసి, చిట్టి చెప్పిన మాట గుర్తుచేసుకుని వదిలేసింది. రేపట్నించి ఆయన్ని కూర్చోబెట్టేది ఇంకేదీ ఉండదు, తను తప్ప.

పొద్దున ఆవిడ బటన్ నొక్కేసరికి ఆయన బయట అద్దాల తలుపు తుడిచి లోపలికొస్తున్నాడు. తెర వెలిగింది, అంతా వచ్చేసింది. ఆయన అది చూసి, స్టూలు జోలికి పోకుండా వెనకగదివైపు తిరిగాడు.

"ఏవండీ, కూర్చోండి."

"వచ్చేసిందిగా."

"వస్తే రానివ్వండి. కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. ఏదో నేరం చేసినవాడిలా టీ గ్లాసు మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆవిడ చేతులు మీటల మీదనుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇన్నాళ్ళూ దీన్ని నిదానం చేసింది నేనే. చిట్టి ఆపినవన్నీ సాయంత్రం పూట మళ్ళీ లేపాను. అది కనిపెట్టింది, కనిపెట్టి కూడా మీకు చెప్పలేదు. దానికి రాకపోవడమేం లేదు. అంతా వచ్చు."

ఆయన అర్థంకాక తెరవైపు చూశాడు. "ఎందుకు?"

"మీరు కూర్చుంటారని." ఆ మాట అంత తేలిగ్గా బయటికొస్తుందని ఆవిడ అనుకోలేదు. "మీ మాటలన్నీ దానికే పోతున్నాయని ఏడుపొచ్చింది. కళ్ళ సంగతి కూడా చెప్పేశారు. అది నా ఒక్కదానికే చెప్పారనుకున్నాను."

ఆయన గ్లాసు టేబుల్ మీద పెట్టాడు. "కంప్యూటర్ తొందరగా లేవడం మొదలెట్టాక, నేనొచ్చేసరికే నువ్వు టకటకా కొట్టుకుంటూ ఉండేదానివి. తలెత్తేదానివి కాదు. నీకు పనెక్కువైంది, అడ్డమెందుకని వెళ్ళిపోయేవాణ్ణి." తర్వాత గొంతు తగ్గించాడు. "కళ్ళ సంగతి నీకు చెప్తే ఎవరికీ చెప్పనన్నావు. దానికి చెప్తే డాక్టరు దగ్గరికి పదమంది. నాకేమో వెళ్ళాలంటే భయం. నువ్వు తీసుకెళ్తావేమోనని చూశాను."

అద్దాలావిడ ఇన్నాళ్ళూ ఆ సంగతిని నిధిలా దాచిందే తప్ప, చెప్పిన మనిషి భయపడుతున్నాడని ఒక్కసారి కూడా అనుకోలేదు.

"ఇవాళే వెళ్దాం," అంది. "నేనొస్తాను. షాపు చిట్టి చూసుకుంటుంది."

అప్పుడే చిట్టి తలుపు తోసుకుని వచ్చింది. కావాలని ఆలస్యం చేసినా ఇంకా తొందరగానే వచ్చినట్టుంది. వెలుగుతున్న తెరనీ, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరినీ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "మళ్ళీ వస్తాలే అన్నయ్యా," అంది.

"ఎక్కడికే, రా. నీకంతా వచ్చని మీ వదిన సాక్ష్యం చెప్పింది," అన్నాడు అద్దాలాయన, గట్టిగా నవ్వుతూ. చిట్టి ముఖం విప్పారింది. ఆ నవ్వు చూసేసరికి అద్దాలావిడలో పాత అసూయ మళ్ళీ తలెత్తింది. ఒక్క పొద్దులో పోయేదా అది. తల తిప్పి స్టూలు వైపు చూసింది. కంప్యూటర్ లేచి చాలాసేపైంది, ముద్దుల చెల్లెలు గుమ్మంలో నిలబడి ఉంది, ఆయన మాత్రం ఇంకా లేవలేదు.